పాత దారి మూయకుండా కొత్త దారి వేసినప్పుడు

2013 ఆగస్టులో, సెమిస్టరు మొదలవడానికి ఇంకా వారం ఉందనగా, కాలిఫోర్నియాలోని మా కమ్యూనిటీ కాలేజీ రిజిస్ట్రేషన్ హాలులో గణిత విభాగం తరఫున నేను ఒక బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. నలభై ఏళ్లు పైబడిన ఒక విద్యార్థిని, ఎవరు ఏ తరగతిలో చేరాలో తేల్చే ప్రవేశ పరీక్ష ఫలితం ఉన్న కాగితం పట్టుకుని నా ఎదుట కూర్చుంది. రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తున్నానని, నర్సింగ్ చదవాలని వచ్చానని చెప్పింది. నర్సింగుకు కావలసిన గణితం స్టాటిస్టిక్స్ ఒక్కటే. ఆమె చేతిలోని కాగితం మాత్రం ఆమెను ప్రీ-ఆల్జీబ్రాలో చేరమంటోంది. స్టాటిస్టిక్స్ ఎప్పుడు చదవగలనని ఆమె అడిగితే నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ముందు ప్రీ-ఆల్జీబ్రా, తరువాత ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఆ పైన ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా, అన్నీ మొదటిసారే ఉత్తీర్ణురాలైతే నాలుగో సెమిస్టరులో స్టాటిస్టిక్స్. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది, ధన్యవాదాలు చెప్పి లేచింది. ఆ సెమిస్టరులో గానీ ఆ తరువాత గానీ ఆమె పేరు మా విభాగంలో ఏ హాజరు పట్టీలోనూ నాకు కనిపించలేదు.

ఆ రోజు నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కోర్సుల నియమాలు రాసి ఉండే క్యాటలాగులో ఉన్నదే చెప్పాను. క్యాటలాగు ప్రకారం సరిగ్గా నడుచుకున్న ఉద్యోగి ఒక మనిషిని గుమ్మం దగ్గరే వెనక్కి పంపేయడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు. తరువాతి పదేళ్లలో మా కళాశాలలో జరిగిన సంస్కరణల్లో చాలా భాగం నేను దగ్గరగా చూశాను, కొన్నింటికి బాధ్యత వహించాను, ఒకటి రెండు చోట్ల తప్పు దారి కూడా పట్టించాను. ఒక సంస్థను మొత్తంగా మార్చడం ఎలాంటి పనో ఆ అనుభవం నుంచే రాస్తున్నాను.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇక్కడ కాలిఫోర్నియాలో స్థిరపడిన కుటుంబాలు దాన్ని డబ్బు ఆదా చేసే మార్గంగా చూస్తాయి. పిల్లలు రెండేళ్లు అక్కడ చదివి మిగతా రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి మారిపోవచ్చు. భర్త ఉద్యోగం వల్ల వచ్చి, అకౌంటింగో ప్రోగ్రామింగో నేర్చుకోవాలని సాయంత్రపు తరగతుల్లో చేరే తెలుగు మహిళలు నా క్లాసుల్లోనూ చాలామంది కనిపించారు. గుంటూరులోనో ఖమ్మంలోనో ఉన్న బంధువులకు మాత్రం ఆ పేరు వింటే ఎక్కడా సీటు రానివాళ్లు చేరే చోటు అనిపిస్తుంది. నిజానికి 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైన ఈ తరహా కళాశాలలు ఇప్పుడు దేశమంతటా దాదాపు వెయ్యి ఉన్నాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే వాటిని నడిపే 73 డిస్ట్రిక్టుల కింద 116 ఉన్నాయి. కోర్సు పరిమాణాన్ని యూనిట్లలో లెక్కిస్తారు, రాష్ట్రవాసులకు యూనిట్ ఒక్కింటికి 46 డాలర్ల ఫీజు 2012 నుంచి మారలేదు. తలుపు తట్టిన ప్రతి ఒక్కరికీ ప్రవేశం ఇవ్వడం ఈ కళాశాలల ధర్మం. అయితే లోపలికి వచ్చినవాళ్లలో ఎంతమంది పట్టాతోనో, విశ్వవిద్యాలయంలో సీటుతోనో బయటికి వెళుతున్నారని చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. నిధులు కూడా చేరినవాళ్ల లెక్కను బట్టే వచ్చేవి గనుక, లెక్కపెట్టేది చేరినవాళ్లను మాత్రమే.

ఆ నర్సింగ్ విద్యార్థిని ముందున్న నిచ్చెన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారానికి మూలం అక్కడే ఉంది. నూరుగురు విద్యార్థులు ప్రీ-ఆల్జీబ్రాలో చేరారనుకుందాం. ప్రతి కోర్సులోనూ నూటికి డెబ్బై మంది ఉత్తీర్ణులవుతారని, వాళ్లలో నూటికి ఎనభై మంది తరువాతి కోర్సులో చేరతారని అనుకుందాం. గణిత అధ్యాపకులెవరైనా ఇవి మంచి అంకెలే అంటారు. మొదటి మెట్టు మీద డెబ్బై మంది గట్టెక్కితే యాభై ఆరుగురు రెండో మెట్టులో చేరతారు. అందులో ముప్పై తొమ్మిది మంది గట్టెక్కుతారు, ముప్పై ఒకరు మూడో మెట్టులో చేరతారు. ఇరవై ఇద్దరు గట్టెక్కుతారు, పదిహేడు పద్దెనిమిది మంది స్టాటిస్టిక్స్ దాకా వస్తారు. చివరికి అది పూర్తిచేసేవాళ్లు పన్నెండు మంది. ఏ మెట్టు దగ్గరా ఎవరూ తమ పని సరిగ్గా చేయలేదని చెప్పడానికి వీల్లేదు. ఎనభై ఎనిమిది మంది మాత్రం రాలిపోయారు. ఈ గుణకారాన్ని కాలిఫోర్నియా అధ్యాపకుల కళ్లముందు పెట్టినవాళ్లు ఇద్దరు కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకురాళ్లే. షాబో కాలేజీలో ఇంగ్లీషు బోధించిన కేటీ హెర్న్, లాస్ మెడానోస్ కాలేజీలో గణితం బోధించిన మైరా స్నెల్. బోధన ఎంత మెరుగుపరిచినా మెట్ల సంఖ్య తగ్గించకపోతే ఫలితం మారదన్నది వాళ్ల వాదం. ఒక శిక్షణ సభలో ఈ లెక్కను తెల్లబోర్డు మీద చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా గణితం చెప్పుకుంటూ బతుకుతున్న నాకు ఇంత చిన్న గుణకారం తోచకపోవడమేమిటన్న బాధ అది.

ఆ తరువాత మేము చేసిన పనే ఇప్పటికీ చాలా కళాశాలలు చేసే పని: ఒక ప్రయోగం మొదలుపెట్టాము. ఆల్జీబ్రా మెట్లన్నీ ఎక్కనవసరం లేకుండా, స్టాటిస్టిక్సుకు అవసరమైన గణితాన్ని మాత్రమే ఒక సెమిస్టరులో నేర్పి మరుసటి సెమిస్టరులో నేరుగా స్టాటిస్టిక్సులో చేర్చే కోర్సు అది. రెండు సెక్షన్లు, ఇద్దరు ఉత్సాహవంతులైన అధ్యాపకులు, కొద్దిపాటి గ్రాంటు. ఫలితాలు బాగా వచ్చాయి. నివేదిక రాశాము, డీన్ మెచ్చుకున్నారు, అధ్యాపకుల సమావేశంలో చప్పట్లు కొట్టారు. మూడో ఏడు గ్రాంటు అయిపోయింది. అప్పటికి కూడా ఆ రెండు సెక్షన్లు రెండుగానే ఉన్నాయి, వాటి పక్కన పాత నిచ్చెన తాలూకు సెక్షన్లు ముప్పైకి పైగా ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాసినవాళ్లకు ఇచ్చే కాగితం మీద మా కొత్త కోర్సు పేరు లేదు. కౌన్సెలర్లలో సగం మందికి దాని సంగతి తెలియదు. తెలిసినవాళ్లు కూడా, విశ్వవిద్యాలయాలు దీన్ని ఒప్పుకుంటాయో లేదోనన్న భయంతో విద్యార్థికి సురక్షితమని తోచిన పాత దారే చూపించారు. వాళ్లను తప్పుపట్టలేము. రేపు ఆ విద్యార్థికి ఇబ్బంది వస్తే జవాబు చెప్పవలసింది వాళ్లే కదా. మా కోర్సులోకి వచ్చినవాళ్లు ఎవరంటే, ముందే నలుగురినీ అడిగి తెలుసుకోగలిగినవాళ్లు, అన్నో అక్కో ఇదే కళాశాలలో చదివినవాళ్లు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఇచ్చిన కాగితాన్ని నమ్మి వెళ్లిపోయే మనిషికి అది చేరనే లేదు.

నాకు ఇక్కడ అర్థమైన విషయం ఒకటుంది. ప్రయోగం అంటే ఉన్నదానికి ఇంకొకటి చేర్చడం. ఉన్నదాన్ని తీసేయడం సంస్కరణ. చేర్చడానికి ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరి పనీ పోదు, ఎవరి అలవాటూ మారదు. తీసేయాలన్నప్పుడే కళాశాలలోని ప్రతి గదీ కదులుతుంది. పాత దారి తెరిచే ఉన్నంతకాలం జనం అటే వెళతారు, ఎందుకంటే దారి చూపించే బోర్డులన్నీ అటే తిరిగి ఉంటాయి.

పరిశోధనలు ఈలోగా చాలా ముందుకు వెళ్లాయి. ప్రవేశ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే చాలామంది విద్యార్థులు తప్పు తరగతిలో పడుతున్నారని, వాళ్ల హైస్కూలు మార్కులు అంతకంటే మంచి సూచిక అని 2012లో వచ్చిన అధ్యయనాలు చూపించాయి. అదే ఏడాది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ సిటీ కాలేజీ హైస్కూలు మార్కుల ఆధారంగా పెద్ద ఎత్తున ప్రవేశాలు మొదలుపెట్టింది. అప్పుడు ఆ కళాశాల అధిపతిగా ఉన్న ఎలోయ్ ఓర్టిజ్ ఓక్లీ 2016లో రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల వ్యవస్థ మొత్తానికి అధిపతి, అంటే ఛాన్సలర్, అయ్యారు. ఫ్లోరిడా 2013లో చట్టం చేసి, ఇటీవలే హైస్కూలు ముగించినవాళ్లకు ప్రవేశ పరీక్ష తప్పనిసరి కాకుండా చేసింది. టెనెసీ 2015 నుంచి ముందస్తు మెట్లు తీసేసి, అసలు కోర్సులోనే చేర్చి పక్కన ఒక తోడు తరగతి పెట్టే పద్ధతిని రాష్ట్రమంతటా అమలు చేసింది. దేశంలో చాలా కళాశాలలు వాడుతున్న కంపాస్ అనే ప్రవేశ పరీక్షను దాన్ని తయారుచేసిన సంస్థే 2016 నాటికి ఉపసంహరించుకుంది.

కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ పరిశోధకులు థామస్ బెయిలీ, షానా జాగర్స్, డేవిస్ జెంకిన్స్ 2015లో ఇంకో ముఖ్యమైన వాదం ముందుకు తెచ్చారు. గణితం మెట్లు ఒక్కటే కాదు, కళాశాల నిర్మాణమే ఫలహారశాలలా ఉందని వాళ్లు అన్నారు. వందల కోర్సులు వరుసగా పేర్చి, నచ్చినవి తీసుకోమని విద్యార్థికి వదిలేస్తే, ఏది దేనికి పనికొస్తుందో తెలియక రెండేళ్ల చదువును నాలుగైదేళ్లు చదివి, అక్కర్లేని యూనిట్లు పోగుచేసుకుని చివరికి మానేస్తున్నారు. ఇది మన పాఠకులకు వెంటనే అర్థం కాకపోవచ్చు, ఎందుకంటే మనకు చదువంటేనే గ్రూపు. పదో తరగతి కాగానే ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అని అడుగుతారు. ఆ మూడక్షరాలు చెప్పేశాక రెండేళ్ల పాటు ఏ పుస్తకం కొనాలో కూడా ఎవరూ అడగనవసరం లేదు. ఇక్కడ ఆ గ్రూపు లేదు. గైడెడ్ పాత్‌వేస్ పేరుతో అమెరికన్ కళాశాలలు చేసింది ఒక రకంగా గ్రూపులు కనిపెట్టడమే. ఆరోగ్యం, వ్యాపారం, సాంకేతికం, సమాజశాస్త్రాలు అంటూ ఏడెనిమిది పెద్ద కూటములు చేసి, ఒక్కొక్క చదువుకు ఏ సెమిస్టరులో ఏ కోర్సు తీసుకోవాలో పటం గీసి చేతికివ్వడం. 2017లో కాలిఫోర్నియా శాసనసభ దీనికోసం 15 కోట్ల డాలర్లు కేటాయించింది. మా కమిటీలో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. పదిహేనేళ్ల వయసులో నాన్నగారు ఎంపీసీ అన్నారు గనుక ఎంపీసీలో చేరి, అందులోంచి బయటపడలేక నలిగిపోయిన స్నేహితులు నాకు ఉన్నారు. అందుకే ప్రతి కూటమిలోనూ మొదటి సెమిస్టరు కోర్సులు పక్క కూటమిలోనూ పనికొచ్చేలా ఉండాలని, మనసు మార్చుకున్నవాళ్లు ఒక్క యూనిట్ కూడా నష్టపోకుండా దాటగలగాలని అడిగాను. అన్ని పటాల్లో అది కుదరలేదు. నర్సింగ్, ఇంజనీరింగ్ పటాల్లో అసలు కుదరలేదు. కుదిరినచోట విద్యార్థులకు దాని విలువ తెలుసు.

పాత దారిని నిజంగా మూసింది చట్టమే. ఏబీ 705 అనే బిల్లుపై 2017 అక్టోబరులో సంతకం అయింది. విద్యార్థి ఏడాదిలోపు విశ్వవిద్యాలయ స్థాయి ఇంగ్లీషు, గణితం పూర్తిచేసే అవకాశాన్ని కళాశాల వీలైనంత పెంచాలని, పై కోర్సులో నెగ్గే అవకాశం బాగా తక్కువని తేలితే తప్ప ఎవరినీ కింది మెట్టులో చేరమని బలవంతపెట్టకూడదని, నిర్ణయానికి హైస్కూలు మార్కులు వాడాలని అది చెప్పింది. 2019 శరదృతువు నాటికి పూర్తిగా అమలు కావాలి. అధ్యాపకుల అధికారంలో చట్టం జోక్యం చేసుకుందని మా సెనేటులో, అంటే అధ్యాపకుల ప్రతినిధుల సభలో, చాలామంది బాధపడ్డారు. 1988 నాటి ఏబీ 1725 చట్టం పాఠ్యప్రణాళిక విషయాల్లో అధ్యాపక సెనేటుకు ఇచ్చిన హక్కును ఈ రాష్ట్రంలో అందరూ పవిత్రంగా చూస్తారు. నేనూ చూస్తాను. అయినా నేను ఆ రోజు చట్టం వైపే నిలబడ్డాను. మా విభాగానికి దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ హక్కు ఉంది, అంతకాలంలో మేము నిచ్చెనలో ఒక్క మెట్టు కూడా తీయలేదు.

వ్యతిరేకించిన సహోద్యోగుల భయం స్వార్థం కాదు, ఈ మాట నేను స్పష్టంగా చెప్పాలి. భిన్నాలు కూడడం రాని విద్యార్థిని స్టాటిస్టిక్సులో కూర్చోబెడితే అతను ఓడిపోతాడని, ఓడిపోయాక మళ్లీ తలుపు తట్టడని వాళ్లు నమ్మారు. ఒక పెద్దాయన, మా విభాగంలో అందరికంటే సీనియర్, ప్రీ-ఆల్జీబ్రా తరగతిని ప్రేమతో చెప్పిన మనిషి. ఆయన దగ్గర చదివి ధైర్యం తెచ్చుకున్న విద్యార్థులు పండుగలకు వచ్చి ఆయన్ని కలిసేవాళ్లు. ఆ తరగతిని టైమ్‌టేబుల్ నుంచి తీసేస్తున్నామంటే తన జీవితకాలపు పనిని తప్పని తీర్పు ఇస్తున్నట్టు ఆయనకు తోచింది. ఆయన గదికి వెళ్లి కూర్చుని గుణకారం లెక్క చూపించాను. ఆయన లెక్కను కాదనలేదు. రాలిపోయిన ఎనభై ఎనిమిది మంది పేర్లు నీకు తెలియవు, నా దగ్గర నిలిచినవాళ్ల పేర్లు నాకు తెలుసు అన్నారు. ఈ మాటకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు. చివరికి తోడు తరగతి పాఠాలు తయారుచేసే పని ఆయన్నే తీసుకోమని అడిగాము. భిన్నాల దగ్గర, శాతాల దగ్గర విద్యార్థి ఎక్కడ తడబడతాడో ఆయనకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. స్టాటిస్టిక్సులో ఏ వారం ఏ భిన్నం అవసరమవుతుందో చూసి, సరిగ్గా ఆ వారమే ఆ పాఠం వచ్చేలా ఆయన అమర్చారు. ఆ పాఠాలు ఇప్పటికీ వాడుతున్నాము.

సంస్కరణ అసలు జరిగింది సభల్లో కాదు, 2018 అక్టోబరులో ఒక మధ్యాహ్నం విభాగం కార్యాలయంలో. మరుసటి శరదృతువు టైమ్‌టేబుల్ పెద్ద కాగితం మీద అచ్చు తీసి బల్ల మీద పరిచారు. దాన్ని తయారుచేసేది మా విభాగపు కార్యాలయ సహాయకురాలు. పదిహేనేళ్లుగా ఏ గదిలో ఎన్ని కుర్చీలో, ఏ అధ్యాపకుడు మంగళవారం రాలేడో అన్నీ ఆవిడకు కంఠస్థం. ఎరుపు పెన్సిలుతో ఒక్కొక్క పాత సెక్షన్ కొట్టివేస్తూ వచ్చాము. కొట్టివేసిన ప్రతి పెట్టెలోనూ ఒక అధ్యాపకుడి పేరు ఉంది. అందులో ఎక్కువ భాగం పార్ట్‌టైమ్ వాళ్ల పేర్లే. స్టాటిస్టిక్స్ సెక్షన్లు ఎనిమిది నుంచి ఇరవైకి పెంచాలి, స్టాటిస్టిక్స్ చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఆరుగురే ఉన్నారు. ఆల్జీబ్రా మాత్రమే చెప్పినవాళ్లు వేసవిలో కొత్త సబ్జెక్టు తయారై రావాలి, ఆ వేసవికి వాళ్లకు జీతం లేదు. తోడు తరగతికి అదనంగా రెండు గంటలు గది కావాలి, అది అసలు తరగతి పక్కనే ఉండాలి, లేకపోతే విద్యార్థి మధ్యలో బస్సు ఎక్కి పనికి వెళ్లిపోతాడు. ఏడాదిన్నరగా నాలుగు కమిటీలు మాట్లాడుకున్న పెద్దపెద్ద మాటల్లో ఈ సంగతులు ఒక్కటీ లేవు. ఆవిడను అంతకుముందు ఏ కమిటీకీ పిలవలేదు. పిలవవలసింది నేనే.

పార్ట్‌టైమ్ అధ్యాపకుల విషయం ఇంకొంచెం చెప్పాలి. ఈ కళాశాలల్లో అధ్యాపకుల్లో ఎక్కువమంది వాళ్లే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక డిస్ట్రిక్టులో పూర్తికాల భారంలో 67 శాతానికి మించి వాళ్లకు పని ఇవ్వకూడదు. అందువల్ల ఇల్లు గడవడానికి రెండు మూడు డిస్ట్రిక్టుల్లో చెబుతూ రోడ్ల మీదే బతుకుతారు. నేను కూడా ఆరేళ్లు అలాగే గడిపాను. ఒక సాయంత్రం పార్కింగులో ఒక సహోద్యోగిని కారు డిక్కీ తెరిచి, అందులో అట్టపెట్టెల్లో మూడు కళాశాలల జవాబుపత్రాలు వేరువేరుగా సర్దుకుంటూ కనిపించారు. కొత్త తోడు తరగతి శిక్షణ శుక్రవారం మధ్యాహ్నం ఉంది, వస్తారా అని అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం తాను అరవై మైళ్ల దూరంలో క్లాసు చెబుతుంటానని, ఆ క్లాసు వదులుకుంటే ఆ నెల అద్దెకు తక్కువ పడుతుందని మెల్లగా చెప్పారు. మా శిక్షణకు వచ్చిన పద్నాలుగు మందిలో పన్నెండు మంది పూర్తికాలం వాళ్లే. ఆ శరదృతువులో కొత్త సెక్షన్లలో సగానికి పైగా చెప్పినవాళ్లు మాత్రం శిక్షణకు రాలేనివాళ్లే. సంస్కరణ బడ్జెట్టులో కన్సల్టెంట్లకు, సదస్సు ప్రయాణాలకు, పటాల వెబ్‌సైటుకు డబ్బు ఉంది. పార్ట్‌టైమ్ వాళ్ల శిక్షణ గంటలకు మొదటి ఏడాది పైసా లేదు. రెండో ఏడాది యూనియన్ గట్టిగా అడిగాక గంటకు ఇంతని చెల్లించడం మొదలైంది. శనివారం ఉదయం, కంప్యూటరు తెర మీద, రెండు వేర్వేరు వేళల్లో పెట్టాము. పార్కింగులో కనిపించిన ఆ సహోద్యోగిని ఆ శిక్షణకు వచ్చారు. ఇప్పుడు మా తోడు తరగతులకు సమన్వయకర్త ఆవిడే.

ఇలాంటి చిన్న సంగతి ఇంకొకటి. సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే స్టాటిస్టిక్స్ సెక్షనులో మొదటి సెమిస్టరు ఫలితాలు పగటి సెక్షన్ల కంటే బాగా తక్కువగా వచ్చాయి. సాయంత్రపు విద్యార్థులు పనిచేసి అలసిపోయి వస్తారు కదా అని మేము సరిపెట్టుకోబోయాము. ఒక విద్యార్థి చెబితే తెలిసింది, గణితం ట్యూటరింగ్ కేంద్రం ఆరింటికే మూసేస్తారు. తోడు తరగతి అని పేరు పెట్టి, సహాయం దొరుకుతుందని చెప్పి, ఆ సహాయం దొరికే గది దీపాలు వాళ్లు వచ్చేలోపే ఆర్పేశాము. ఆ కేంద్రం మా విభాగం కింద లేదు, విద్యార్థి సేవల కింద ఉంది. వేరే ఉపాధ్యక్షుడు, వేరే బడ్జెట్టు. వేళలు మార్చడానికి ఒక సెమిస్టరు మొత్తం పట్టింది. సంస్థ మొత్తాన్ని మార్చడం అంటే ఇలా రెండు కార్యాలయాల మధ్య ఎవరికీ చెందని చోట పడి ఉన్న పనుల్ని ఒక్కొక్కటే ఏరి, ఎవరో ఒకరి చేతిలో పెట్టడం. విద్యార్థికి మాత్రం అది ఒకటే కళాశాల. ఏ గది ఏ ఉపాధ్యక్షుడి కిందో అతనికి అనవసరం.

డబ్బు పెట్టి శ్రద్ధగా చేస్తే ఎంత మార్పు వస్తుందో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏసాప్ కార్యక్రమం చూపించింది. పూర్తికాలం చదవాలన్న షరతు పెట్టి, ఫీజులో మిగిలిన లోటు భరించి, పుస్తకాలు, బస్సు, మెట్రో పాసులు ఇచ్చి, అన్నింటికంటే ముఖ్యంగా తక్కువమంది విద్యార్థుల్ని మాత్రమే చూసుకునే సలహాదారును ఒక్కొక్కరికి కేటాయించారు. లాటరీ పద్ధతిలో రెండు సమూహాలుగా విడదీసి చేసిన అధ్యయనంలో, మూడేళ్లలో పట్టా పొందినవాళ్లు కార్యక్రమంలో ఉన్నవాళ్లలో 40 శాతం, లేనివాళ్లలో 22 శాతం. ఒహాయోలో మూడు కళాశాలలు ఇదే నమూనాను అమలు చేస్తే అక్కడా 35 శాతం, 19 శాతంగా దాదాపు అంతే తేడా కనిపించింది. మా అధ్యక్షుడికి ఈ అంకెలు చూపించినప్పుడు ఆయన ఆసక్తిగా విన్నారు, ఆ తరువాత ఒక్కొక్క సలహాదారు కింద ఎంతమంది ఉండాలని అడిగారు. నేను చెప్పిన సంఖ్య విని చాలాసేపు కిటికీ వైపు చూశారు. మా కౌన్సెలర్లు ఒక్కొక్కరు అంతకు ఎన్నో రెట్ల మందిని చూస్తున్నారు. ఖర్చులేని సంస్కరణలు మొదట జరిగిపోతాయి. మెట్లు తీసేయడం ఖర్చులేనిది. మనిషికి మనిషిని తోడివ్వడం ఖర్చుతో కూడినది, అందుకే వెనకబడింది.

చట్టం వచ్చాక రాష్ట్రమంతటా నేరుగా పై కోర్సుల్లో చేరేవాళ్లు అసాధారణంగా పెరిగారు, ఏడాదిలోపు గణితం పూర్తిచేసేవాళ్లు కూడా బాగా పెరిగారు. ఒక్కొక్క తరగతిలో ఉత్తీర్ణత శాతం మాత్రం తగ్గింది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే. ఇది అర్థం చేయించడానికి మేము పడిన కష్టం అంతా ఇంతా కాదు. తన తరగతిలో ఓడిపోయినవాళ్లు అధ్యాపకుడికి రోజూ కళ్లముందు కనిపిస్తారు. పాత పద్ధతిలో తన తరగతి దాకా రాలేకపోయినవాళ్లు ఏనాడూ కనిపించలేదు. నల్లజాతి, లాటినో విద్యార్థుల ఫలితాలకు, శ్వేతజాతి విద్యార్థుల ఫలితాలకు మధ్య ఎడం ఇంకా ఉంది. మెట్లు తీసేస్తే అదీ పోతుందని అప్పట్లో కొందరం అనుకున్నాము, నేను కూడా అనుకున్నాను. పోలేదు. 2022లో వచ్చిన ఏబీ 1705 ఇంకొక అడుగు ముందుకు వేసి, సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థుల్ని నేరుగా కాలిక్యులస్‌లో చేర్చే ప్రశ్న తెచ్చింది. ఈ విషయంలో నేను చట్టం వైపు అంత ధైర్యంగా నిలబడలేను. స్టాటిస్టిక్సుకు ఆల్జీబ్రా మెట్లు పెద్దగా అవసరం లేకపోయాయి, అందుకే తీసేస్తే నష్టం రాలేదు. కాలిక్యులస్‌లో ప్రతి వారం ఆల్జీబ్రాతోనూ త్రికోణమితితోనూ పని పడుతుంది. తోడు తరగతి గంటలు రెట్టింపు చేసి, ఆ గంటలకు జీతం ఇచ్చి, ట్యూటరింగ్ కేంద్రం రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచితే చేయవచ్చునని సెనేటులో అన్నాను. అవి లేకుండా చేస్తే మా పెద్దాయన భయపడిందే జరుగుతుందని కూడా అన్నాను.

ఈ శరదృతువు టైమ్‌టేబుల్ కాగితం కిందటి వారం బల్ల మీదికి వచ్చింది. ఈసారి కార్యాలయ సహాయకురాలు కమిటీలో సభ్యురాలు, ఎరుపు పెన్సిలు ఆవిడ చేతిలోనే ఉంది. సాయంత్రం ఆరున్నర స్టాటిస్టిక్స్ సెక్షన్ పక్కన తోడు తరగతి గది, దాని కింద ట్యూటరింగ్ కేంద్రం వేళలు ఒకే పెట్టెలో రాసి ఉన్నాయి. కాలిక్యులస్ తోడు తరగతి పెట్టెలో గది ఉంది, వేళ ఉంది, అధ్యాపకుడి పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఆ గంటలకు నిధులు వస్తాయో లేదో వచ్చే నెల పాలక బోర్డు సమావేశంలో తేలుతుంది. ఆ సమావేశంలో మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇస్తారు, నా పేరు ఇచ్చి వచ్చాను.